చర్చిలో జెరూషా అత్త కేక

షికాగోలో శాక్సఫోన్ వాయించే లెమ్యూల్ టర్నిప్‌సీడ్ కొన్ని నెలలుగా ఒక రికార్డుతో కుస్తీ పడుతున్నాడు. జాజ్‌ని దాని వేళ్ల దాకా తవ్వాలని అతని పట్టుదల. తాళానికి బట్టలుతికే రేకు పలక పెట్టాడు, మట్టికూజాలోకి గాలి ఊదించాడు, అరచేతులతో తొడల మీద దరువు వేయించాడు. అయినా విన్నప్పుడల్లా ఏదో వెలితి. చివరికి మిసిసిపీలో ఉన్న మేనత్త జెరూషా గుర్తొచ్చింది. జాజ్‌కి మూలమైన పత్తిచేల కేకలతో సహా తాతల నాటి కేకలన్నీ ఆవిడ గొంతులో భద్రంగా ఉన్నాయి.

డ్రమ్ముల టైరీని, బేస్ వాయించే క్లీవ్‌లాండ్‌ని, టేపు యంత్రాన్నీ కారులో కుక్కుకుని వెళ్లాడు. చెక్కగోడల చర్చి అయితే బాగా మోగుతుందని పాస్టరు హోస్కిన్స్‌ని బతిమాలి తాళంచెవి తీసుకున్నాడు. లోపల ఒకటే ఉక్క. తలుపులు బార్లా తెరిచారు.

జెరూషా ఆదివారం టోపీ పెట్టుకుని వచ్చింది. ఏ కేక కావాలో చెప్పమంది. అన్నిటికన్నా పాతది, కడుపులోంచి వచ్చేది కావాలన్నాడు లెమ్యూల్. తన తండ్రి పొద్దుగూకేవేళ పెట్టే కేక ఒకటుందని, అది వాగు అవతలికి వినపడేదని ఆవిడ అంటే అతనికి కళ్లు చెమర్చాయి.

వాయిద్యాలు అందుకున్నాయి. జెరూషా గుండెల నిండా గాలి పీల్చి కేక పెట్టింది. కిటికీ అద్దాలు అదిరాయి. లెమ్యూల్ పూనకం వచ్చినట్టు శాక్సఫోన్‌తో ఆ కేక వెంటపడ్డాడు. ఆవిడ ఇంకా పైస్థాయిలో మళ్లీ అందుకుంది.

అప్పుడు చర్చి వెనక దొడ్డిలోంచి పాస్టరుగారి పందులొచ్చాయి. పిల్లాజెల్లాతో మంద మొత్తం బెంచీల మధ్య నుంచి నేరుగా జెరూషా దగ్గరికి నడిచి, మూతులెత్తి, తిండి కోసం గోల మొదలుపెట్టింది.

టైరీ కళ్లు మూసుకుని వాయించే మనిషి. ఆ చప్పుడంతా లెమ్యూల్ ప్రతిభే అనుకుని రెచ్చిపోయాడు. క్లీవ్‌లాండ్ బేస్‌తో సహా బెంచీ ఎక్కేశాడు గాని చెయ్యి ఆపలేదు. టేపు యంత్రం తీగ కొరకబోయిన పందిని కాలితో నెడుతూనే లెమ్యూల్ పాట ముగించాడు.

"పత్తిచేలో కేక అనుకున్నాను కదత్తా," అన్నాడు రొప్పుతూ.

"నువ్వనుకుంటే నేనేం చెయ్యనురా? పాతది కావాలన్నావు. మా నాన్న పందుల్ని పిలిచే కేక పెట్టాను."

"వస్తాయని ముందే చెప్పొద్దా?"

"పిలిస్తే రాక ఏం చేస్తాయి?"

ఈలోగా పాస్టరు పరుగెత్తుకొచ్చాడు. దేవుడి ఇంట్లో ఇదేం పనని కేకలేశాడు. జెరూషా టోపీ సర్దుకుంది.

"మీ గంటకి ఇందులో సగంమందైనా వస్తున్నారా, పాస్టరుగారూ?"

పందుల్ని తోలి, చర్చి కడిగేసరికి సాయంత్రమైంది. ఆ తర్వాత టేపు విన్న లెమ్యూల్‌కి ఆ వెలితి ఎక్కడా కనపడలేదు. రికార్డు కంపెనీవాళ్లు పందుల్ని తీసెయ్యమంటే ససేమిరా అని, ఇంకో చిన్న కంపెనీకి ఇచ్చాడు. చర్చి పేరు అట్టమీద వెయ్యడానికి వీల్లేదని పాస్టరు కబురంపాడు. వెయ్యలేదు.

పందుల కథ ఆ నోటా ఈ నోటా పాకి, రికార్డు కొన్నవాళ్లు ఆ చోటు చూడ్డానికి రావడం మొదలయ్యాక పాస్టరు స్వరం మారింది. ఈసారి అచ్చేసే అట్టమీద చర్చి పేరు వెయ్యమని తనే అడిగించాడు. లెమ్యూల్ సంతోషంగా వేయించాడు. దాని కింద పందుల యజమానిగా రెవరెండ్ హోస్కిన్స్ పేరు కూడా వేయించాడు.