కాగితంలో లేని మంగళవారం

మా జాలరి ఊరికి కాపురానికొచ్చే విదేశీయుల చేతిలో నేనొక కాగితం పెడతాను. ఇరవై మూడు జాగ్రత్తలు, నా చేతి రాత. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పినదాన్ని, రోజుకొకరికైనా బుద్ధి చెప్పకపోతే నాకు అన్నం సయించదు. ఎడమ చేత్తో ఏదీ ఇవ్వకండి, పుచ్చుకోకండి. పెద్దవాళ్లు ఎదురైతే పలకరించకుండా దాటిపోకండి. ఎవరింటికి వెళ్లినా, వాళ్లిచ్చిన మంచినీళ్లు తాగాకే వచ్చిన పని చెప్పండి. దోమతెర లేకుండా కునుకు తియ్యకండి. అరబా క్వాన్సా టీచరమ్మ కాగితమంటే ఈ తీరమంతా గౌరవమే.

నా పెరటి వాటాలో అద్దెకు దిగిన మారిట్, హెన్రిక్ నార్వే నుంచి వచ్చిన దంపతులు. మారిట్ నా కాగితాన్ని వంటింటి గోడకు అంటించుకుంది. హెన్రిక్‌కు అదంతా వేళాకోళం.

"ఇరవై నాలుగోది నేను చెప్పనా ఆంటీ? అరబా ఆంటీకి ఎదురు చెప్పకండి!" అనేవాడు.

"నవ్వు నాయనా, నవ్వు. ఒక్కసారి ఎడమ చెయ్యి చాపి చేప అడిగి చూడు, బజారులో మా ఆడవాళ్లు నీ పళ్లు రాలగొడతారు," అనేదాన్ని.

వాళ్లొచ్చిన ఆరో రోజు, పొద్దున్న పది గంటలప్పుడు మారిట్ కేక విని ఒడ్డుకు పరుగెత్తాను. ఈతకు దిగిన హెన్రిక్‌ను సముద్రం లోపలికి లాక్కుపోతోంది. అలల అవతల తల కనబడుతోంది. ఉండుండి ఒక చెయ్యి లేస్తోంది. మనిషి బతికే ఉన్నాడు.

"రోజూ పడవల మధ్యే ఈదేవాడు! ఇవాళ నీళ్లలో ఒక్క పడవా లేదేం?" అంటూ మారిట్ నా భుజాలు పట్టి కుదిపేసింది.

ఆ రోజు మంగళవారం. మంగళవారం మా సముద్రదేవుడికి విశ్రాంతి రోజు, మావాళ్లెవరూ పడవ దించరు. మరమ్మతులన్నీ ఆ రోజే. పడవలు ఇసుకలో పక్కకు ఒరిగి ఉన్నాయి. ఇంజన్లు ఊడదీసి ఇళ్లకు మోసుకుపోయారు. అడుగు అతుకుల్లో పాత తారు గీకేశారు, కొత్తది ఇంకా పుయ్యలేదు.

పడవల పెద్ద నానా క్వామెనా ఎసెల్ కాళ్లు పట్టుకున్నాను. "నానా, ఈ ఒక్కసారికీ..."

"లే టీచరమ్మా! ప్రాణం పోతుంటే వారమేంటి? దేవుడికి నేను చెప్పుకుంటాలే. ఒరేయ్, తొయ్యండ్రా!"

పద్నాలుగు మంది తోశారు. రెండో అల దాటకముందే పడవలోకి మోకాళ్ల లోతు నీళ్లొచ్చాయి. ఇద్దరు నడుముకు తాడు కట్టుకుని ఈదబోతే, అల విసిరి ఒడ్డున పడేసింది. ఎవరో ఇంజన్ భుజాన వేసుకుని రొప్పుతూ వచ్చేసరికి హెన్రిక్ చెయ్యి లేవడం ఆగిపోయింది.

నానా ఇసుకలో చతికిలబడ్డాడు. "మంగళవారం దిగొద్దని ఈ తెల్లాయనకి ఎవరూ చెప్పలేదా టీచరమ్మా?"

చెప్పాలని నాకు తోచనే లేదు. నిప్పులో చెయ్యి పెట్టకండని ఎవరైనా కాగితం మీద రాస్తారా? మాకు ఇదీ అంతే. పుట్టినప్పటి నుంచి తెలిసిన సంగతి, లోకమంతటికీ తెలుసనుకున్నాను.

శవం గురువారం ఒడ్డుకొచ్చింది.

ఊరు విడిచి వెళ్లేరోజు మారిట్ ఆ కాగితం పట్టుకుని నా గుమ్మంలోకొచ్చింది. కళ్లు పీక్కుపోయాయి. వీడ్కోలు చెప్పడానికి వచ్చిన ఇరుగుపొరుగంతా వాకిట్లోనే ఉన్నారు.

"ఎన్నిసార్లు చదివినా ఇందులో మంగళవారం ఊసు లేదు ఆంటీ. నోటితో చెప్పే ఉంటారు కదూ? మీరు చెప్పకుండా ఎలా ఉంటారు? నేనే ఏదో పనిలో పడి విని ఉండను."

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. వాకిట్లోకి చూశాను. అందరూ నా దగ్గర అక్షరాలు దిద్దినవాళ్లే.

"చెప్పానమ్మా," అన్నాను. "వంటింట్లో, నువ్వు గిన్నెలు తోముకుంటున్నప్పుడు."

మారిట్ కూలబడి నా ఒడిలో మొహం దాచుకుంది. "నేను విని ఉంటే బతికేవాడు. నన్ను క్షమించండి ఆంటీ," అని వెక్కివెక్కి ఏడ్చింది.

ఆమె తల నిమిరాను. క్షమించానని కూడా అన్నాను.