ఎనిమిదిమందికి మించరాదు

లిఫ్టు ఆపేస్తే లిఫ్టు నడిపేవాడి గతేమిటన్నది ఆ సబ్బుల కంపెనీలో ఒక్కడికీ తట్టలేదు. పెద్ద తలకాయలన్నీ అయిదో అంతస్తులో చేరి, ఇకమీదట మన కంపెనీ వదిలే పొగ సగానికి సగం తగ్గాలని తీర్మానించాయి. మధ్యాహ్నానికల్లా ఏసీలు ఆగాయి, కాగితం కప్పులు పోయి ఎవరి గ్లాసు వాళ్ళు తెచ్చుకోవలసి వచ్చింది, లిఫ్టుకి తాళం పడింది. తాళం వేసింది లిఫ్టు మామయ్యే. వెయ్యమన్నారు, వేశాడు. వేశాకగానీ తను తాళానికి ఇవతల ఉండిపోయానని తెలిసిరాలేదు పాపం.

మామయ్య అంటే ఆఫీసులో ఎవరికీ మామయ్య కాదు, అందరికీ మామయ్యే. ఖాకీ చొక్కా, ఇనప స్టూలు, నెరిసిన మీసం. ఆయనకొచ్చిన విద్య ఒక్కటే: ఎనిమిదిమందిని ఎక్కించుకోవడం, తొమ్మిదోవాణ్ణి ఆపడం, అంతస్తు రాగానే దాని పేరు చెప్పడం. ఈ వయసులో ఈ విద్య పట్టుకుని ఇంకో గుమ్మం ఎక్కితే ఎవడు రానిస్తాడు? గుండె చిక్కబట్టుకుని మేనేజరు దగ్గరికి వెళ్ళి నా సంగతేమిటని అడిగాడు. మేనేజరు చెడ్డవాడు కాదు, తొందర మనిషి. ఆపింది లిఫ్టునేగానీ లిఫ్టు ఉద్యోగాన్ని కాదనీ, జీతమిస్తున్నాం గనక పని జరిగి తీరాలనీ, ఎలా జరగాలన్నది నువ్వే చూసుకోవాలనీ చెప్పి ఫోనెత్తుకున్నాడు.

ఇంటికెళ్ళి ఈ మాటే చెబితే భార్య బట్టలు మడతపెడుతూ ఒళ్ళు మండిపోయి, "లిఫ్టు లేకపోతే మెట్లున్నాయిగా, మీరే తీసుకెళ్ళండి" అంది. ఆవిడ విసుక్కుంది. ఆయనకది వేదవాక్కయింది.

మర్నాడు పొద్దున మెట్ల దగ్గర నిలబడి, "పైకి వెళ్ళేవాళ్ళు రండి" అన్నాడు. వచ్చినవాళ్ళను రెండు వరసల్లో నిలబెట్టి, తొమ్మిదో గుమాస్తాకి చెయ్యి అడ్డం పెట్టి, తను ముందు నడిచాడు. అంతస్తు అంతస్తుకీ ఆగి "రెండు", "మూడు" అని చెప్పాడు. దిగేవాళ్ళు దిగారు. మిగతావాళ్ళు లిఫ్టులో అలవాటైన ప్రకారం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకుండా, అంకెలు వెలగాల్సిన చోటు వైపు తలెత్తి చూస్తూ ఎక్కారు.

నవ్వుతారని మీరనుకోవచ్చు. ఎవరూ నవ్వలేదు. ఎందుకు నవ్వుతారండీ? ఆ ఆఫీసు పుట్టినప్పట్నుంచీ ఆలస్యంగా వచ్చినవాళ్ళకి చెప్పుకోడానికి ఒకే ఒక్క కారణం ఉండేది: లిఫ్టు దొరకలేదు. మెట్లకి ఆ సౌకర్యం లేదు. మెట్లు దొరకలేదంటే ఎవడు నమ్ముతాడు? మామయ్య పుణ్యమా అని పోయిన కారణం తిరిగొచ్చింది. అందుకని జనం మెట్ల కింద బుద్ధిగా వరసకట్టి, ఖాళీ మెట్లు కళ్ళెదురుగా ఉన్నా, లిఫ్టు పైకెళ్ళిందట, రానివ్వండి అని కబుర్లు చెప్పుకునేవాళ్ళు. ఒకరోజు మేనేజరంతటివాడే తొమ్మిదోవాడయ్యాడు. మామయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయన కిక్కురుమనకుండా వెనక్కి జరిగాడు.

పద్దులు రాసే బాబాయి కొంచెం స్థూలకాయుడు. మూడుకీ నాలుగుకీ మధ్య ఊపిరందక గోడ పట్టుకుని నిలబడిపోయేవాడు. వెంటనే మామయ్య అందరినీ ఆపి, "లిఫ్టు ఆగింది, కంగారు పడకండి, ఇప్పుడే కదులుతుంది" అనేవాడు. ఎవరూ కంగారుపడేవాళ్ళు కాదు. బాబాయి చెమట తుడుచుకుని తల ఊపగానే లిఫ్టు కదిలేది.

ఇలా పొద్దస్తమానం ఎక్కి దిగేసరికి మామయ్యకు ఆకలి పుట్టింది. మామూలు ఆకలా! భార్య కట్టిచ్చే ఒంటిగిన్నె క్యారేజీకి ఇంకో గిన్నె చేరింది, ఆ పైన మరోటి చేరింది. ఆవిడకీ సంతోషమే, ముద్ద ముట్టని మనిషి అడిగి పెట్టించుకుంటుంటే ఏ ఇల్లాలికి చేదు?

అంతా బాగుందనుకునేసరికి పొగ లెక్కలాయన దిగాడు. కంపెనీకి పొగ తగ్గిందా లేదా తేల్చి పత్రం ఇచ్చే మనిషి ఆయన. సన్నగా, ఎంతో మర్యాదగా ఉంటాడు. ఎవరెవరు ఏం తిన్నదీ, ఏ బండిలో వచ్చిందీ అడిగి అందరి లెక్కలూ రాసుకున్నాడు. తిండి పండాలన్నా వండాలన్నా పొగేనట మరి. ఎవరు తిన్నది వాళ్ళ లెక్కలో పడింది. మామయ్య దగ్గరకొచ్చేసరికి చిక్కొచ్చింది. మీ లిఫ్టేదని అడిగితే, ఈయన ఉద్యోగి కాదు, లిఫ్టు అని మేనేజరే చెప్పాడయ్యె. మనిషి తింటే అన్నం, లిఫ్టు తింటే ఇంధనం. ఇంధనం కంపెనీ లెక్కలోకి వస్తుంది. మూడు గిన్నెల ఇంధనం! వారం తిరిగాక వచ్చి చూస్తాననీ, అప్పటికీ లిఫ్టు ఇంతే తాగుతుంటే దీనికీ తాళం వెయ్యాల్సి వస్తుందనీ ఆయన చాలా మర్యాదగా చెప్పాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే.

ఉద్యోగం ముఖ్యమా, అన్నం ముఖ్యమా? ఉద్యోగం పోతే అన్నమూ పోతుంది గనక మామయ్య ముందుగా అన్నమే మానేశాడు. మధ్యాహ్నం ఆఫీసులోనే భోజనం పెడుతున్నారనీ, రాత్రికి ఆకలుండడం లేదనీ భార్యకు చెప్పాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడతో ఆడిన మొదటి అబద్ధం కాబట్టి చెప్పేటప్పుడు గోడ వైపు చూశాడు. ఆవిడ క్యారేజీ కడిగి అటకెక్కించింది. 

ఖాళీ కడుపుతో ఎక్కడం మొదలెట్టాడు. "నాలుగు" అనే మాట "నాలు" దగ్గరే ఆగిపోయేది. చొక్కా వదులైంది, మీసం వాలింది. ఎవరైనా ఏమైంది మామయ్యా అంటే నవ్వి రెయిలింగు పట్టుకునేవాడు.

వారం తిరిగింది. పొగ లెక్కలాయన వచ్చాడు, వరసలో నిలబడ్డాడు, ఎనిమిదోవాడుగా ఎక్కాడు. ఒకటి అయింది, రెండు అయింది, మూడు అయింది, అందరూ పై అంతస్తులవాళ్ళే. మూడు దాటాక మామయ్య కళ్ళు బైర్లుకమ్మాయి. మెట్టు మీద కూర్చున్నాడు. కూర్చున్నవాడు గోడకి ఒరిగిపోయాడు.

ఎనిమిదిమందీ ఆగిపోయారు, కదలకుండా తలెత్తి పైకి చూస్తూ. పొగ లెక్కలాయన గడియారం చూసుకుని, పోనీ మనమే నడిచి వెళదామా అన్నాడు.

"లిఫ్టు మధ్యలో ఆగితే దిగకూడదండీ, ప్రమాదం" అంది టైపిస్టమ్మ, పైనుంచి చూపు తిప్పకుండా.

అప్పుడు బాబాయి కిందికి చూశాడు. రోజూ తన కోసం ఆగిన మనిషి ఇవాళ తనే ఆగిపోయాడు. ఆయాసపడుతూ పక్కన కూలబడి మామయ్య మొహాన నీళ్ళు చిలకరించాడు. కళ్ళు తెరిచాక తన క్యారేజీ విప్పి ముద్ద కలిపి నోటి దగ్గర పెట్టాడు. మామయ్య తల అడ్డంగా ఊపాడు.

"వద్దు బాబాయిగారూ. లెక్కలోకొస్తుంది."

"ఎవరి లెక్కలోకి? ఇది నా క్యారేజీ. రోజూ నేనే తింటానని ఈయన పోయిన వారమే రాసుకున్నారు." బాబాయి పొగ లెక్కలాయన వైపు తిరిగాడు. "ఒకే ముద్దని రెండుసార్లు రాస్తారేమిటండీ మీరు?"

ఆయన మొహం పాలిపోయింది. ఆయన వృత్తిలో ఒకదాన్ని రెండుసార్లు రాయడంకన్నా మహాపాపం లేదట. మామయ్య నోరు తెరిచాడు. ఆ తర్వాత ఎవరూ ఏమీ అనుకోకుండానే మూతలన్నీ లేచాయి. టైపిస్టమ్మ పెట్టింది, గుమాస్తా పెట్టాడు, పక్కనున్నవాళ్ళూ పెట్టారు. చివరికి పొగ లెక్కలాయన సంచిలోంచి అరటిపండు తీసి, అది తన లెక్కలోదేనని అందరికీ వినపడేలా చెప్పి, తొక్క ఒలిచి ఇచ్చాడు.

"నాలుగు" అన్నాడు మామయ్య, స్పష్టంగా. లిఫ్టు కదిలింది.

ఈ కంపెనీ లిఫ్టు ఏ ఇంధనమూ లేకుండా నడుస్తోందని పత్రం వచ్చింది. దాన్ని అద్దం కట్టించి, తాళం వేసిన లిఫ్టు తలుపుకే తగిలించారు. ఆనాటినుంచి మధ్యాహ్నం ఎక్కినవాళ్ళు తలో ముద్దా పెట్టందే దిగడం లేదు. ఆడిన అబద్ధం నిజమైంది.

మెట్ల మీద ఒరిగిపోయిన రోజు సాయంత్రం మామయ్య ఇంటికి తేలిగ్గా వచ్చాడు. భార్య అప్పటికే కంచం ముందు కూర్చుని అన్నం కలుపుతోంది. కడుపు నిండిపోయిందనీ, ఆఫీసులో ఎనిమిదిళ్ళ తిండి తిన్నాననీ చెప్పాడు. ఈసారి ఆవిడ మొహంలోకే చూస్తూ చెప్పాడు.

"ఇవాళ తిన్నారు సరే. ఈ వారమంతా ఏం తిన్నారు?"

మామయ్య గోడ వైపు చూశాడు.

"నాకు తెలీదనుకున్నారా? చొక్కా ఉతికేది నేనేగా" అంది.  కంచంలోంచి ముద్ద ఎత్తి ఆయన నోటి ముందు పట్టుకుంది. "ఎనిమిదయ్యాయిగా. ఇది తొమ్మిదోది. ఆపండి చూద్దాం."

ఆయన చెయ్యి లేవలేదు. నోరు తెరిచాడు.