బీట్‌రూట్ మీద గాటు

నా బట్టల డిజైన్లు చూసి హెల్సింకీలో అందరూ ఎంత ధైర్యం అంటారు. ఆ ధైర్యం నాది కాదు, మా అమ్మ రౌహాది. పెన్సిలు గీతైనా లేకుండా, దర్జీ కత్తెరతో నేరుగా నల్ల కాగితంలో బొమ్మలు కత్తిరించేది. వాటినే నేను కంప్యూటర్లోకి ఎక్కించి బట్టల మీద అచ్చు వేయిస్తాను. "చిన్నది చేస్తే ఎవరికి కనిపిస్తుందే ఇల్తా? కుండంత చెయ్యి," అనేది.

ఆమె కత్తిరించిన ఆఖరి బొమ్మ బీట్‌రూట్. చెయ్యి వణికి ఒక పక్క గాటు పడింది. పారెయ్యమంటే నేనే వద్దన్నాను. జనవరిలో అమ్మ పోయింది. నాకు ఏడుపు రాలేదు. అంత్యక్రియలకు వచ్చినవాళ్ళకు కాఫీ పోశాను, కప్పులు కడిగాను, మర్నాడు పనిలో కూర్చున్నాను.

ఇవాళ ఆ బీట్‌రూట్ అచ్చు. తాయిస్తో నలభై ఏళ్ళుగా ఇదే బల్ల మీద బట్టకు రంగు అద్దుతున్నాడు. నమూనా పరిచి, బొమ్మ అంచు వెంట వేలు పోనిచ్చాడు.

"గాటేదీ?" అన్నాడు. "మీ అమ్మ ఇక్కడే కూచుని చూపించిందే."

అంచు నున్నగా ఉంది. అంత్యక్రియల మర్నాడు కంప్యూటర్లో అంచులన్నీ సరిచేస్తూ, అలవాటు కొద్దీ దాన్నీ సరిచేసి, పాత ఫైలు మీదే సేవ్ చేశాను.

"కంప్యూటరుంటే చాలు, అందరి చేతుల్నీ ఇస్త్రీ చేసేస్తారు మీరు," అన్నాడు. "పోనీ, ఆ కాగితం పట్రా."

"లేదు. అమ్మ ఇల్లు సర్దుతూ చెత్త వేరు చేశాను. గాజు గాజు డబ్బాలో, అట్టలు అట్టల డబ్బాలో వేశాను. అది కాగితాల డబ్బాలో వేశాను."

తాయిస్తో జిగురూ సన్న కుంచే నా ముందు పెట్టాడు. "అచ్చు చట్రం జాలీ మీద ఇక్కడ పుయ్యి. పూసినచోట రంగు కిందికి దిగదు, గాటు వస్తుంది."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. అయినా, ఆ గాటు ఉంటేనే బట్టలో అమ్మ ఉన్నట్టని పూశాను. ఆరాక కొత్త గుడ్డ మీద చట్రం పెట్టి రంగు లాగాడు. గాటు వచ్చింది. గీత గీసినట్టు తిన్నగా వచ్చింది. నా చెయ్యి ఒక్కసారైనా వణకలేదు.

అతను యాలకుల బన్ను నా వైపు జరిపాడు. "అచ్చెయ్యనా?"

"వెయ్యి."

బట్ట అంచున, మా పద్ధతి ప్రకారం, డిజైనరుగా నా పేరు పడుతూ పోయింది. ప్రతి అరవై సెంటీమీటర్లకూ ఒక నల్ల బీట్‌రూట్, దానికో తిన్నని గాటు. అమ్మ చెయ్యి ఎక్కడా లేదు. ఇప్పుడైనా ఏడుపొస్తుందేమోనని కాసేపు చూశాను. తర్వాత బన్ను తిన్నాను.