బావమరిది రివ్యూ

తన తప్పులు తానే పట్టుకుని, తనకు తానే జవాబు చెప్పుకుని, చివరికి తన భుజం తానే తట్టుకునే మనిషిని లోకం పిచ్చివాడంటుంది. బావ ఏళ్ళ తరబడి ఆ పనే చేశాడు, అదీ పట్టపగలు, పూర్తి తెలివితో. అతన్ని మనం బావ అనుకుందాం. ఈ గొడవలోకి పేరుతో సహా ఈడ్వబడ్డ బావమరిది అలాగే పిలుస్తాడు గనక.

బావకు ఉద్యోగం వేరే ఉంది. ఇంట్లో వెనక గదిలో చేసేది జీతంలేని చాకిరీ. ఆ గదిలో బల్ల మీద ఒక పాత నెట్‌వర్క్ స్విచ్ ఉంటుంది. ముందువైపు వరసగా వైర్లు గుచ్చే రంధ్రాలు, వాటి మీద పచ్చ దీపాలు. ఏ కంప్యూటర్ నుంచి వచ్చినదాన్ని ఏ కంప్యూటర్‌కి పంపాలో తేల్చడం దాని పని. కంప్యూటర్ లోపల అన్నిటి మీదా పెత్తనం చేసే ప్రోగ్రామును కెర్నెల్ అంటారు. కెర్నెల్‌కి ఈ స్విచ్ భాష రాదు, స్విచ్‌కి కెర్నెల్ భాష రాదు. మధ్యలో దుబాసీలాగా ఒక ప్రోగ్రాము కావాలి. అదే డ్రైవర్.

స్విచ్ చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. పెట్టెలు మాత్రం చావలేదు. బళ్ళలో, ఆస్పత్రుల్లో, గోడౌన్లలో దుమ్ముకొట్టుకుపోయి ఇంకా పనిచేస్తూనే ఉన్నాయి. కొత్త కెర్నెల్ వచ్చినప్పుడల్లా దాని పద్ధతులు మారతాయి, దుబాసీకి మళ్ళీ మాటలు నేర్పాలి. నేర్పే మనిషిని మెయింటెయినర్ అంటారు. బావ ఆ పదవి కోరుకోలేదు. ఒకసారి ఒక తప్పు కనబడితే చూస్తూ ఊరుకోలేక సరిదిద్ది పంపాడు, అంతే. జీతం లేకుండా ఎవరైనా సరిదిద్దగల ఆ కెర్నెల్ లోకంలో చివరగా ఎవరు ముట్టుకుంటే వాళ్ళదే బాధ్యత. దారిన పోయే కంపను కాలికి తగిలించుకోవడమంటే అదే. అప్పట్నుంచీ సాయంత్రాలూ సెలవులూ ఆ గదికే పోయాయి.

అక్కడి ఇంకో ఆచారం మరీ మొండిది. ఎవరు ఏం రాసినా, ఇంకొకరు చదివి, బాగుందని తమ పేరు పెట్టాలి. దాన్ని రివ్యూ అంటారు. ఆ రెండో పేరు లేనిదే పెద్దాయన దేన్నీ కెర్నెల్‌ లోపలికి రానివ్వడు. పెద్దాయన అంటే నెట్‌వర్క్ డ్రైవర్లన్నిటికీ పైవాడు. ఆ డ్రైవర్లు రాసేవాళ్ళందరి మధ్యా మాటలు నడిచే మెయిళ్ళ గుంపులో ఆయన మాటే చెల్లుతుంది. మరి ఈ ముసలి స్విచ్ కోసం రాసింది చదివే తీరిక ఎవరికుంది? బావ పంపిన మార్పు నెలల తరబడి పడి ఉండేది. అవతల ఒక ఆస్పత్రి టెక్నీషియన్, మధ్యమధ్యలో లైను తెగిపోతోంది, రోగుల రిపోర్టులు రావడం లేదు మహాప్రభో అని మొత్తుకునేవాడు. బావ పని అడకత్తెరలో పోకచెక్క అయింది.

అప్పుడు కంటబడ్డాడు బావమరిది. భార్యకు తమ్ముడు, కళ్ళజోళ్ళ దుకాణం నడుపుతాడు.

"ఒరేయ్, నీ పేరు కాస్త వాడుకోనా?" అని అడిగాడు బావ.

"వాడుకో బావా. అరిగిపోతుందా, కరిగిపోతుందా?"

"ఎందుకని అడగవేంరా?"

"దొంగతనాలు చేసే మొహం కాదు నీది. ఇంకెందుకైతే నాకేం?"

బామ్మర్ది బతకగోరతాడని ఊరికే అనలేదు. ఆ రోజే అతని పేరుతో ఒక మెయిల్ ఖాతా పుట్టింది, దాన్నుంచి బావ మార్పుకు రివ్యూ పడింది, మర్నాటికి ఆస్పత్రి వాళ్ళ బాధ తీరింది.

ఏదో బాగుందని రెండు ముక్కలు గీకి సరిపెట్టి ఉంటే కథ వేరు. కానీ బావకు పనంటే భయభక్తులు. దొంగ రివ్యూ అయినా సరే, నిజంగా చదవకుండా రాయలేడు. రాసిన కుర్చీలోంచి లేచి వెళ్ళి మొహం కడుక్కుని, వేరే కుర్చీలో పరాయివాడిలా కూర్చుని చదివేవాడు. ఒకసారి బావమరిది పేరుతో ఇలా దులిపేశాడు. "ఒక పని అయ్యేదాకా ఇంకొకటి లోపలికి రాకుండా ప్రోగ్రాములో ఇక్కడ తాళం వేశారు. పని సవ్యంగా జరిగితే తీస్తున్నారు, సంతోషం. మధ్యలో చెడి వెనక్కి తిరిగితే తాళం అలాగే ఉండిపోతుంది. తర్వాత వచ్చినవాళ్ళంతా గుమ్మంలో పడి ఉండాలా?" బావ సిగ్గుపడి, క్షమించమని రాసి, సరిదిద్ది మళ్ళీ పంపాడు. ఈయన చూపే చూపు అని గుంపులో ఎవరో బావమరిదిని మెచ్చుకున్నారు. ఆ పూట బావకు నిజంగా అసూయ కలిగింది.

ఇలా ఉండగా కొత్త ఉద్యోగం తలుపు తట్టింది. స్విచ్‌లు తయారుచేసే పెద్ద కంపెనీ, సొంత ల్యాబు, నలుగురు తోటివాళ్ళు. నలుగురు అన్న మాటే బావ చెవికి తీయగా తగిలింది. ఇన్నేళ్ళూ అతనికి తోటివాడంటే తనే. షరతు ఒకటే, బయట ఏ స్విచ్‌కీ మెయింటెయినరుగా ఉండకూడదు. చేరేలోపు ఆ పేరు తీయించుకోవాలి.

"అయితే గది ఖాళీ అవుతుంది," అన్నాడు భార్యతో.

"గది సంగతి దేవుడెరుగు, మీరు ఖాళీ అవుతారు. నిన్న బళ్ళో నాన్న బొమ్మ గియ్యమంటే పిల్ల మీ వీపు గీసిందండీ," అంది ఆమె.

తప్పుకుంటానని బావ గుంపుకు రాశాడు. పెద్దాయన జవాబు తేనె పూసినట్టు వచ్చింది. ఇన్నాళ్ళ సేవ మరువలేమట. వారసుణ్ణి వెతికే పనే లేదట, ఆ డ్రైవర్ని అక్షరం వదలకుండా చదివిన మనిషి ఇంకొకరు ఉండనే ఉన్నారట. కింద బావమరిది పేరు. నిమిషాల్లో అభినందనలు మొదలయ్యాయి.

నాకు తీరిక లేదు, మన్నించండి అని బావమరిది చేత రాయించాడు, అంటే రాశాడు. అయితే మీరు ఒప్పుకునేదాకా పాతాయనే చూస్తారు, తొందరేం లేదు అన్నాడు పెద్దాయన. ఒప్పుకుంటే కొత్త కంపెనీలో కూర్చుని దొంగచాటుగా ఇదే చాకిరీ. ఒప్పుకోకపోతే బాహాటంగా ఇదే చాకిరీ. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

బావ కళ్ళజోళ్ళ దుకాణానికి పోయి అంతా చెప్పాడు. బావమరిది ఒక అద్దాన్ని గుడ్డతో తుడుస్తూ విన్నాడు.

"ఇంతకీ నేనక్కడ అంత గొప్పోణ్ణా?"

"నాకంటే గొప్పోడివి. నవ్వకురా, ప్రాణం పోతోంది."

"నిజం చెప్పెయ్ బావా."

"చెప్తే తరిమేస్తారు. ఇన్నేళ్ళ పరువు గంగలో కలుస్తుంది. కొత్త ఉద్యోగం వాళ్ళకి తెలిస్తే అదీ పోతుంది."

"తరిమేస్తే మంచిదేగా? నీక్కావాల్సింది బయటపడ్డం. మెడబట్టి గెంటినా బయటపడ్డమే కదా?"

ఇంత తేలికైన మాట తనకెందుకు తట్టలేదు అనుకున్నాడు బావ. ఉద్యోగం పోతే పోనీ, పరువు పోతే పోనీ, ఆ గది వదిలితే చాలు. ఇంటికి వచ్చేటప్పుడు అతని నడకలో హుషారు చూసి భార్య ఆశ్చర్యపోయింది. గుమ్మంలోనే విషయం చెప్పి, వెంటనే కూర్చుని పెద్దాయనకు ఒక్క ముక్క దాచకుండా రాశాడు. శిక్షగా నా పేరూ, ఆ దొంగ పేరూ తీసెయ్యండి అని ముగించాడు. పంపాక ఆకలేసింది, రెండోసారి పెట్టించుకుని తిన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం పెద్దాయన ఫోను చేశాడు. గొంతు నెమ్మదిగా ఉంది.

"మీరు రాసింది చదివానండీ. ఇది మాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"మీరూ ఆయనా ఒకరేనని. మొదట్లోనే తెలుసు. ఇద్దరూ ఒకే మాటలో ఒకే అక్షరం తప్పు రాస్తారు. మీకు జ్వరమొస్తే ఆయనా పలకడు."

"మరి ఎందుకు ఊరుకున్నారు?"

"పట్టుకుంటే మిమ్మల్ని పంపించెయ్యాలి. పంపిస్తే దాన్ని చూసేదెవరు? మొన్న ఆయన పేరు రాసింది కూడా, మీరు ఏ పేరుతో ఉన్నా సరే, ఉంటే చాలని. పైగా ఆ రివ్యూలు దొంగవి కావండీ. మేమంతా కళ్ళు మూసుకుని బాగుందని రాసేవాళ్ళమే."

"ఇప్పుడు చెప్పేశాను కదా. తీసెయ్యండి."

"తీసేస్తాను, మీ ఇష్టం. దిక్కులేని డ్రైవర్ని మేం ఉంచమని మీకు తెలుసు. వచ్చే కెర్నెల్లో అదీ పోతుంది. ఆ ఆస్పత్రాయనకి మీరే ఒక మాట చెప్పండి, నేను ఆయన్ని ఎరగను. తీసెయ్యమంటారా?"

ఆ గొంతులో బెదిరింపు లేదు, వెటకారం లేదు. ఉంటే బావ తిట్టి ఫోను పెట్టేసేవాడు. తీసెయ్యండి అనడానికి నోరు తెరిచాడు. ఆస్పత్రి టెక్నీషియన్ గుర్తొచ్చాడు. కొత్త స్విచ్ కొనమని పైవాళ్ళని అడిగి అడిగి విసిగిపోయానని అతను రాసిన మాటలు గుర్తొచ్చాయి.

"ఆగండి," అన్నాడు చివరికి.

"ఆగుతాను," అన్నాడు పెద్దాయన. ఎంతకాలమైనా ఆగేలాగే అన్నాడు.

భార్య గుమ్మంలోకి వచ్చింది. "ఏమన్నారండీ? తరిమేశారా?"

"వాళ్ళకి ముందే తెలుసట."

"తెలిసీ తిట్టలేదా?"

"మెచ్చుకున్నారు."

ఆమెకు అర్థమైంది. కొత్త కంపెనీ వాళ్ళకి రావడం లేదని ఎప్పుడు చెప్తారని మాత్రం అడిగి, జవాబు కోసం చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది. బావ కుర్చీలో కూలబడ్డాడు. ఏదో ఒకనాడు దొరికిపోతాను, ఆ రోజు గెంటేస్తారు, అప్పుడు పోవచ్చు అని మనసులో ఏ మూలో ఒక ఆశ ఉండేదని అతనికి ఇప్పుడే తెలిసింది. పట్టుబడతానని ఇన్నేళ్ళూ వణికిన మనిషి, తనను పట్టుకునేవాళ్ళే లేరని తెలిసి, చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు.