కనబడని జవాబు

మా పిన్నికి పన్నెండో ఏట జ్వరం వచ్చి వినికిడి పోయింది. అప్పటినుంచీ ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టేది. ఆవిడ కుట్టుమిషను ముందు కూర్చుని ఉందంటే, వీధికి అవతల గుసగుసలాడుకునేవాళ్లు కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవారు.

నేను పాత సినిమాలు బాగుచేసే చోట పనిచేస్తాను. ఓసారి మాకొక మూకీ చిత్రం దొరికింది. భర్తను తీసుకుపోయిన మృత్యువు ఇంటికి భార్య వెతుక్కుంటూ వెళ్లి, అక్కడే పనిమనిషిగా కుదిరి, అతన్ని తిరిగి ఇమ్మని అడిగే కథ. బొమ్మ చెక్కుచెదరలేదు కానీ, మధ్యమధ్య తెరమీద మాటలు చూపించే ముక్కలు ఒక్కటీ మిగల్లేదు. నాకు పిన్ని గుర్తొచ్చింది. వచ్చి ఆ నటుల పెదవులు చూసి మాటలు చెప్పమని అడిగాను.

"వాళ్లు పోయి ఎన్నేళ్లయిందో! వాళ్ల కబుర్లు నాకెందుకురా?" అంది.

బాబాయి పోయి అప్పటికి ఏడాదిన్నర. ఆ తర్వాత పిన్ని ఎవరి మొహంలోకీ చూడటం మానేసింది. ఎవరైనా పలకరిస్తే కుడుతున్న బట్ట మీదికి తల వంచేసుకునేది. బతిమాలి, బామాలి తీసుకొచ్చాను.

చిన్న గదిలో తెర ముందు కూర్చోబెట్టి, ఆవిడ చెబుతుంటే రాసుకున్నాను. మృత్యువు వేషం కట్టినవాడు భయంకరంగా చెయ్యి చాపి, "గడ్డం ఊడిపోతోంది, తొందరగా కానివ్వండి" అంటున్నాడట. పిన్ని పడీపడీ నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్లయిందో.

ఆఖరి రీలులో మృత్యువు ఆ భర్తకు ఒక్క సాయంత్రం గడువిస్తాడు. అది అయిపోయే వేళ అతను భార్య చేతులు పట్టుకుని ఏదో అంటాడు. పిన్ని ముందుకు వంగింది.

"'నిన్ను సరిగ్గా చూడనైనా లేదు, అప్పుడే అయిపోయిందా' అంటున్నాడు" అంది మెల్లగా.

భార్య జవాబు చెబుతుంది. కానీ ఆమె అటు తిరిగి ఉంది. జుట్టు కదలడం తప్ప ఏమీ కనబడదు. ఆ ముక్క పిన్ని ఆరుసార్లు వేయించుకుంది.

లైటు వేశాను. ఆవిడ నా మొహంలోకే చూస్తోంది.

"ఆస్పత్రిలో ఆఖరిరోజు మీ బాబాయి మూతికి ఆ మాస్కు ఉంది. దాని లోపల ఏదో అన్నారు. నువ్వు వంగి విన్నావు. ఏమన్నారురా?"

"ఇప్పుడెందుకు పిన్నీ అవన్నీ?"

"నా మీద జాలిపడకు. చెప్పు."

"నువ్వు కిటికీకి అడ్డంగా కూర్చున్నావు. వెనక ఎండ. 'దాని మొహం నల్లగా కనబడుతోంది, ఇటు జరగమనరా' అన్నారు. నీకు చెప్పేలోపే నర్సులొచ్చి మనల్ని బయటికి పంపేశారు."

"ఒక్క అడుగు" అంది. "ఒక్క అడుగే కదరా."

"తర్వాత చెబుదామంటే నోరు రాలేదు పిన్నీ."

సంచి తీసుకుని వెళ్లిపోయింది. వారం రోజులు నేను ఆవిడ కుట్టు దుకాణానికి వెళ్లినా నావైపు కళ్లెత్తలేదు. ఎనిమిదో రోజు పొద్దున తనే వచ్చి తెర ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది. మిగిలిన మాటలన్నీ చెప్పింది. ఆ భార్య జవాబు దగ్గర, ఏదో ఒకటి రాసేద్దామని మా ఆఫీసరు అన్నాడు.

"నాకు కనబడనిది నేను చెప్పను" అంది పిన్ని. అక్కడ ఖాళీగానే వదిలేశాం.

వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగింది.

"నీ మీద కోపం లేదురా. తెలియకుండా ఉంటే బాగుండేదనీ అనుకోవట్లేదు. కానీ రోజూ జరుగుతున్నాను. నిద్రపట్టేలోపు ఎన్నిసార్లో. ఆ ఆస్పత్రి కుర్చీలోంచి లేచి, ఇటు పక్కకి."

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకుంది.

"ఇలాంటి సినిమాలు ఇంకా ఉన్నాయా?"

"గదినిండా ఉన్నాయి పిన్నీ."

"అయితే సోమవారం వస్తాను" అంది.