తిన్నగా కుట్టిన గౌను

గుద్రున్ ముప్ఫై ఒక్క ఏళ్లు మగవాళ్ల కోట్లు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేసింది. మిషన్లకు లొంగని పనులన్నీ ఆమె బల్ల మీదికే వచ్చేవి. కాలరు లోపలి పొర పట్టించడం, లైనింగు అంచు పైకి కనపడకుండా చేత్తో హెమ్మింగు చేయడం, కాజాలు చుట్టడం. యజమానులు ఆ ఫ్యాక్టరీని లిథువేనియాకు తరలించుకుపోయినప్పుడు ఆమె చేతిలో ఒక పూలగుత్తి, ఒక గోడ గడియారం పెట్టి ఇంటికి పంపించారు. గడియారం ఏడాది తిరక్కుండా ఆగిపోయింది. ఆమె వేళ్లు మాత్రం ఆగలేదు. ఇంట్లో చిరుగులన్నీ కుట్టేశాక, భర్త హోల్గెర్ ఒంటిమీదున్న మంచి చొక్కా వైపు ఆశగా చూసేది.

ఆమెను వైకింగుల్లోకి లాగింది ఆడపడుచు లిస్‌బెత్.

లిస్‌బెత్ పళ్ల డాక్టరు దగ్గర ఫోన్లు ఎత్తే ఉద్యోగం చేసేది. జూలై వచ్చిందంటే మాత్రం ఫ్యోర్డు అనే సముద్రపు పాయ ఒడ్డున, వెయ్యేళ్ల కిందటి ఓడయోధుల వేషాలతో పదిరోజులు జరిగే వైకింగ్ సంతలో ఆమె పేరు లిస్‌బెత్ గద్దకన్ను. గుడారంలో గొర్రెతోలు మీద పడుకుని, బార్లీ గంజి తాగి, నడుం పట్టేసి ఇంటికొచ్చి, వారం రోజులు వంగలేక తిరుగుతూ, "స్వర్గం వదినా, స్వర్గం!" అనేది.

"నువ్వూ రా వదినా. నీ పనితనానికి అక్కడ నిన్ను నెత్తిన పెట్టుకుంటారు."

"నావల్ల కాదు. ఆ గంజి వాసనకే నాకు కడుపులో తిప్పుతుంది."

"గంజి మానెయ్. కాఫీ ఉంటుందిలే."

"వైకింగులకి కాఫీ ఎక్కడిదే?"

"చెక్క ముంతలో పోసుకుంటే కాఫీయో కషాయమో ఎవడికి తెలుస్తుంది? మా వైకింగ్ సంఘం అధ్యక్షుడు కూడా అదే తాగుతాడు."

గుద్రున్‌ను కాఫీ ఒప్పించలేదు. లిస్‌బెత్ వెంట తెచ్చిన నియమావళి ఒప్పించింది. నలభై రెండు పేజీల పుస్తకం. జిప్పు నిషేధం. ప్లాస్టిక్ నిషేధం. బంగాళాదుంప నిషేధం. కళ్లద్దాలు నిషేధం. పదిహేడో పేజీలో, ‘దుస్తులన్నీ నార దారంతోగాని ఉన్ని దారంతోగాని పూర్తిగా చేత్తో కుట్టినవై ఉండవలెను’ అని ఉంది. ఆ ఒక్క వాక్యాన్ని గుద్రున్ రెండుసార్లు చదివింది. చేతికుట్టు కావాలని ఆమెను అడిగినవాళ్లు లేక పదకొండేళ్లయింది.

గొర్రెలు పెంచే ఒకావిడ దగ్గర, మంజిష్ఠ వేరుతో అద్దకం వేసిన ఇటుకరంగు ఉన్నిబట్ట తెచ్చుకుంది. చలికాలమంతా వంటింటి కిటికీ దగ్గర కూర్చుని కుట్టింది. ముందు కచ్చాకుట్టు వేసి ముక్కలన్నీ కలిపింది. నార దారాన్ని తేనెమైనం ముద్ద మీద లాగి, వేళ్ల మధ్య వెచ్చబడేదాకా నలిపి, అప్పుడు సూదికి ఎక్కించేది. పక్కల్లో ఘేరు కోసం మూడుమూలల కళీలు నాలుగు వేసింది. జాయింట్ల దగ్గర బట్ట అంచుల్ని లోపలికి మడిచి, ఒక్క పోగు కూడా బయటికి రాకుండా అణిచి కుట్టింది. గౌను తిరగేసి చూపిస్తే లోపలేదో పైనేదో తేల్చుకోవడానికి కాస్త ఆలోచించాల్సిందే.

భుజం పట్టీలకు రెండు ఇత్తడి బిళ్లలు తగిలించి, మొదటిసారి వేసుకుని అద్దం ముందు నిలబడినప్పుడు ఆమెకొక సంగతి తట్టింది. ముప్ఫై ఒక్క ఏళ్లలో వేలకొద్దీ మగవాళ్ల కోట్లు తన చేతుల మీదుగా వెళ్లాయి. ఒక్కటి కూడా మొదటినుంచి చివరిదాకా తను కుట్టింది కాదు. అన్నీ కాలర్లే, కాజాలే. మెడ నుంచి మడమ దాకా అంతా తనదే అయిన బట్ట ఇదే మొదటిది. కళ్లు చెమర్చాయి. చూసేది ఎవరూ లేకపోయినా చటుక్కున తుడుచుకుంది.

హోల్గెర్ పత్రిక పక్కన పెట్టి పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఫర్వాలేదు," అన్నాడు.

మాట పొదుపుకు పేరుపడ్డ తమ యూట్లండ్ ప్రాంతపు మగవాడి నోట అంతకు మించిన పొగడ్త పెళ్లినాడు కూడా ఆమె వినలేదు.

మే నెలలో ఒక ఆదివారం ఊరి క్రీడాశాల క్యాంటీనులో దుస్తుల తనిఖీ పెట్టారు. చేసేది ‘నిజస్వరూప పరిరక్షణ ఉపసంఘం’. అందులో ముగ్గురు సభ్యులు, మాట్లాడేవాడు ఒక్కడే. అతను సంఘం అధ్యక్షుడు ఆస్‌గెర్. మామూలు రోజుల్లో పురపాలక సంఘం తరఫున, తప్పుచోట నిలిపిన కార్లకు జరిమానా చీటీలు అంటించేవాడు. సంఘంలో ఆస్‌గెర్ ఇనుపకనుబొమ్మ. నియమం నియమమే కాబట్టి కళ్లద్దాలు కారులో వదిలేసి వచ్చేవాడు. అవి లేకపోతే మనిషికీ కుర్చీకీ తేడా తెలిసేది కాదు. అందుకని బట్టల్ని వేళ్లతో తడిమి తనిఖీ చేసేవాడు.

బల్ల మీద పరిచిన బట్టల్లో ముందు లిస్‌బెత్ కొత్త గౌను వంతు. ఒక చెయ్యి మణికట్టు దాకా, ఒక చెయ్యి మోచేయి దాకా ఉంది. మెడ దగ్గర కుట్లు ఒకటి తూర్పుకు పోతే ఒకటి పడమరకు పోయింది.

"అద్భుతం," అన్నాడు ఆస్‌గెర్, వాటి మీద వేలు ఆనించి. "ఇందులో పదో శతాబ్దం తగులుతోంది."

తరువాత గుద్రున్ గౌను. అతని వేళ్లు పక్క జాయింటు వెంట జర్రున జారిపోయి కింద అంచు దగ్గర ఆగాయి. మళ్లీ పైనుంచి తడిమాడు. మొహం గంభీరంగా మారింది.

"గుద్రున్ గారూ, ఏ మిషను మీద కుట్టారు?"

"చేత్తో కుట్టాను."

"అందరూ అలాగే అంటారండి. కారు ఆపి ఒక్క నిమిషమే అయిందని కూడా అందరూ అంటారు."

"నాలుగు నెలలు పట్టింది. కావలిస్తే సూది దారం ఇవ్వండి, మీ కళ్లముందే కుడతాను."

"ఆయన కళ్లకి కనపడదు వదినా," అంది లిస్‌బెత్ గొంతు తగ్గించి.

సూది తెప్పించారు. పాత గుడ్డ ముక్క మీద గుద్రున్ జానెడు మేర కుట్టి అందించింది. ఆస్‌గెర్ తడిమాడు. మిగతా ఇద్దరూ కళ్లు దగ్గరపెట్టి చూశారు. గౌను మీద కుట్టూ ఇదీ ఒకటే.

"చేత్తోనే అయితే ఇంకా పెద్ద చిక్కు," అన్నాడతను. "ఇంత తిన్నగా ఆ కాలంలో ఎవరు కుట్టారండీ? పొయ్యి పొగలో, చలిలో, మొరటు సూదులతో? అసలుది అంటే వంకర ఉండాలి."

"మ్యూజియంలో పాత బట్ట పీలిక చూశాను. దాని కుట్లు నావాటికంటే సన్నంగా ఉన్నాయి."

"అందుకేగా దాన్ని మ్యూజియంలో పెట్టారు! అందరూ అలా కుడితే ఎందుకు పెడతారు?"

మిగతా సభ్యులిద్దరూ తలలు ఊపారు. ‘సవరించి మరల సమర్పించవలెను’ అని చీటీ రాసి, గౌను భుజం పట్టీ కింద దోపాడు ఆస్‌గెర్, కారు అద్దం తుడిచే కడ్డీ కింద దోపినట్టే.

గుద్రున్ గౌను చంకన పెట్టుకుని విసవిసా ఇంటికి నడిచింది. లిస్‌బెత్ మాత్రం ఊరుకోలేదు.

"పోనీ ఒక్క పక్క జాయింటు విప్పేసి కాస్త అడ్డదిడ్డంగా కుట్టెయ్ వదినా. ఏం పోయింది?"

"నీలాగా?"

"నాలాగానే. నాకు ‘ఉత్తమం’ అని రాసిచ్చారు మరి."

కోపం తగ్గాక గుద్రున్ నిజంగానే ప్రయత్నించింది. గుడ్డ ముక్క తీసుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ కుట్టింది. తిన్నగా వచ్చింది. ఎడమచేత్తో కుట్టింది. మొదటి నాలుగు కుట్లు ఆశ కల్పించాయి, ఐదోదానికల్లా ఎడమచెయ్యి కూడా దారిలో పడింది. ఆఖరికి లిస్‌బెత్ స్నాప్సు అనే సారా సీసా తెచ్చి రెండు గుక్కలు తాగించింది. అప్పుడు కుట్లు మునుపటికంటే చక్కగా వచ్చాయి.

"నీకు మందు పడితే ఇంకా చెడిపోతున్నావు," అంది లిస్‌బెత్ విసుగ్గా.

గుద్రున్ గౌనును విప్పలేదు. మడతపెట్టి బీరువాలో పెట్టి తాళం తిప్పింది.

జూలైలో సంత మొదలైంది. నాలుగో రోజు మధ్యాహ్నం, లిస్‌బెత్‌కు పొడి మేజోళ్లు ఇవ్వడానికి గుద్రున్ నైలాన్ వానకోటు వేసుకుని అందరు సందర్శకుల్లాగే వెళ్లింది. హద్దుగా కట్టిన తాడు అవతల పెద్ద ఉత్తుత్తి యుద్ధం జరుగుతోంది. ఆస్‌గెర్ ఇనుపకనుబొమ్మ డాలు పైకెత్తి, ఏవైపు నుంచి వస్తున్నారో తెలియని శత్రువుల్ని ఊహించుకుని అరుస్తూ, గొడ్డలి వేటు తప్పించుకోవడానికి ఒక్కసారిగా వంగాడు.

చర్రుమన్న శబ్దం వెనక వరుసలో నిలబడ్డవాళ్లకు కూడా వినిపించింది. ప్యాంటు నడుం నుంచి కిందిదాకా విడిపోయింది. ఒక జర్మన్ కుటుంబం చప్పట్లు కొట్టింది. ఇదంతా కథలో భాగమే అనుకున్నారు పాపం.

ఇద్దరు శత్రువులు డాళ్లు అడ్డం పెట్టి అతన్ని గుడారంలోకి తీసుకుపోయారు. మూడు గంటలకు మళ్లీ యుద్ధం ఉంది. వేరే ప్యాంటు లేదు. లిస్‌బెత్ సూది తీసిందిగానీ, ఆస్‌గెర్ ఆమె గొంతు గుర్తుపట్టి, "మీరొద్దు," అన్నాడు. ‘ఉత్తమం’ అని రాసిచ్చిన మనిషే.

"మా వదిన వచ్చింది, పిలవనా?"

ఆస్‌గెర్ గొర్రెతోలు చుట్టుకుని ఒక మూల కూర్చున్నాడు. గుద్రున్ పలకరింపులు పెట్టుకోలేదు. ప్యాంటు అందుకుని తిరగేసింది. ఎదుటివాడు ఎక్కడ మోసం చేశాడో చూద్దామన్న కసి ఆమెకు లేదని చెప్పలేం. కాని మోసం ఎక్కడా లేదు. ప్రతి కుట్టూ చేతిదే. వేలెడు దూరానికొకటి, కొన్ని లావుగా, కొన్ని వేలాడుతూ, నడుం పట్టీ దగ్గర మూడుసార్లు విప్పి మళ్లీ వేసినవి. ఒకచోట ఎండిపోయిన రక్తపు చుక్క.

"ఎన్నాళ్లు పట్టింది ఇది?"

"మూడు చలికాలాలు," అన్నాడు ఆస్‌గెర్. "ఎవరూ నేర్పలేదండి. ఆ కాలంవాళ్లు కూడా ఇలాగే కుట్టి ఉంటారనుకున్నాను. ఎవరికీ నాకంటే బాగా వస్తుందని అనుకోలేదు."

గుద్రున్ దారం పళ్లతో తెంపి, దగ్గర దగ్గరగా బఖియా కుట్టు వేసుకుంటూ పోయింది. అతని కుట్ల మీద చెయ్యి వేయాలంటే మాత్రం ఎందుకో మనసొప్పలేదు. విడిపోయినంత మేరే కుట్టి, మిగతావి ఉన్నవి ఉన్నట్టే వదిలేసింది. పావుగంటలో ముగించి ఇచ్చింది.

ఆస్‌గెర్ అలవాటుగా కుట్టు వెంట వేలు పోనిచ్చాడు. మొహం వాడిపోయింది.

"ఇది తిన్నగా ఉంది."

"నా చెయ్యి అంతే."

"నియమం ప్రకారం నేనిది వేసుకోకూడదు."

"అయితే తోలు చుట్టుకునే యుద్ధం చెయ్యండి," అంది లిస్‌బెత్.

అతను నవ్వలేదు. నిజాయతీపరుడు. ఒకసారి తన కారుకి కూడా తనే చీటీ అంటించుకున్నాడని ఊళ్లో చెప్పుకుంటారు. తోలు బిగించి పట్టుకుని, చెక్క ముంతలోంచి కాఫీ చప్పరిస్తూ చాలాసేపు ఆలోచించాడు. అవతల మూడు గంటల కొమ్ము ఊదడానికి ఇంకా పది నిమిషాలున్నాయనగా తలెత్తాడు.

"వైకింగులు దూరదేశాల మీద పడి మనుషుల్ని ఎత్తుకొచ్చేవారు, అవునా? కాన్‌స్టాంటినోపుల్ వైపునుంచి ఒక దాసిని తెచ్చారనుకోండి. అక్కడ కుట్టుపని నేర్చుకున్న మనిషి. ఆమె కుడితే తిన్నగానే వస్తుంది! ఆమె గౌనూ తిన్నగానే ఉంటుంది! నియమాలకి ఎక్కడా అడ్డు రాదు!"

"నేను పుట్టింది ఇక్కడికి పది కిలోమీటర్ల దూరంలో," అంది గుద్రున్.

"అది మామూలు రోజుల్లో."

నాలుగు నెలలు కూర్చుని కుట్టిన గౌను వేసుకోవడానికి తను దాసి అవ్వాలట. గుద్రున్‌కు ఒళ్లు మండింది. వానకోటు బొత్తాలు పెట్టుకుని లేవబోయి, ఏదో గుర్తొచ్చి ఆగింది.

"దాసికి సంఘం మీటింగులు ఉంటాయా?"

"ఉండవు. ఓటు స్వతంత్రులకే."

"గంజి వంతులు? గుడారాలు మోయడం? నియమావళి సవరణ చర్చలు?"

"అవన్నీ స్వతంత్రుల బాధ్యతలండీ," అన్నాడు ఆస్‌గెర్, కాస్త గర్వంగానే.

"అయితే రాసుకోండి నా పేరు."

మర్నాడు గుద్రున్ బీరువా తాళం తీసి ఇటుకరంగు గౌను వేసుకుని సంతకు వెళ్లింది. ఉదయంనుంచి సన్నగా జల్లు పడుతోంది. నీళ్లు ఉన్ని మీద పూసల్లా నిలిచి జారిపోయాయి, లోపలికి ఒక్క చుక్క రాలేదు. గుడారం ముందు పీట వేసుకుని కూర్చుని కుడుతుంటే జనం యుద్ధం వదిలేసి ఆమె చుట్టూ మూగారు. ఒక ముసలావిడ అడిగి మరీ గౌను అంచు తిరగేసి చూసి, రెండు చేతులతో మెల్లగా కిందికి దించింది. కోట్ల ఫ్యాక్టరీలో ఏ మేస్త్రీ అలా దించలేదు.

సంత ముగిసేలోపు లిస్‌బెత్ అర్జీ పెట్టుకుంది, తననూ ఎవరైనా ఎత్తుకొచ్చినట్టు రాసుకోమని. వెనకాలే ఇంకో ఎనిమిది మంది ఆడవాళ్లు. ఆపైన గంజి వండి విసిగిపోయిన ఇద్దరు మగవాళ్లు. ఆస్‌గెర్ ఒక్కొక్కరికీ ఏ దేశంనుంచి చెరపట్టి తెచ్చారో రాయలేక సతమతమయ్యాడు. సెప్టెంబరుకల్లా సంఘంలో స్వతంత్రులు నలుగురే మిగిలారు.

అక్టోబరులో వార్షిక సమావేశం ఆదివారం మధ్యాహ్నం పెట్టారు. అదే సమయానికి గుద్రున్ వంటింట్లో దాసదాసీలు పదకొండుమంది బల్ల చుట్టూ కూర్చుని, దాల్చినచెక్క రొట్టెలు తింటూ, అంచు మడవడం నేర్చుకుంటున్నారు. ఫోను మోగింది.

"గుద్రున్ గారూ, నేను ఆస్‌గెర్‌ని. తీర్మానం పాస్ కావాలంటే ఐదుగురు స్వతంత్రులుండాలి. ఎవరో ఒకరిని ఈ పూటకి విడుదల చేస్తాం. ఎవరైనా వస్తారేమో కాస్త అడగండి."

గుద్రున్ ఫోను చెవి దగ్గర్నుంచి తీసి అడిగింది. ఒక్కరు కూడా తలెత్తలేదు. లిస్‌బెత్ అయితే బల్ల కిందికి వంగి, పడిపోని సూది కోసం వెతకడం మొదలుపెట్టింది.

"ఒప్పుకోవడం లేదండీ," అంది గుద్రున్. "దాసి ఇష్టం లేకుండా విడుదల చేయొచ్చా? మీ పుస్తకంలో ఏమైనా ఉందేమో చూడండి."

అవతల నలభై రెండు పేజీలూ ఒక్కొక్కటిగా తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. గుద్రున్ ఫోను బల్ల మీద పెట్టి, పక్కనున్నావిడ కుట్టు చూసి, "ఈ మూడూ విప్పు," అంది.