మేస్త్రీకి అందని వాసన

పాలిష్ మేస్త్రీ ముక్కు చచ్చి పదేళ్ళయింది. వార్నిష్, థిన్నర్ల మధ్యే బతికినవాడికి పొయ్యి మీద గిన్నె మాడినా తెలియదు. "మా ఆయనకు ముక్కు అలంకారానికే," అని భార్య నవ్వేది. కూతురి బట్టలు థిన్నర్ కంపు కొడుతున్నా, ఆయన చొక్కాలతో కలిపి ఉతికినందుకే అనుకుందావిడ. పదిహేనేళ్ళ ఆ పిల్లను ఇంట్లో పిచ్చుక అంటారు.

ఆ మధ్యాహ్నం మేస్త్రీ బల్ల చెక్కను గరుకు కాగితంతో రుద్దుతుండగా బడి నుంచి ఫోన్ వచ్చింది. పిచ్చుక మెట్ల మీద పడిపోయింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ నాన్చలేదు. "థిన్నర్ పీల్చింది. గుండె లయ తప్పింది. అదృష్టం, తిరిగొచ్చింది. మొదటిసారికే ప్రాణం పోయినవాళ్ళను చూశాన్నేను. ఎన్నాళ్ళుగా పీలుస్తోందో నాకు నిజం కావాలి. మెదడుకూ కాలేయానికీ ఏ పరీక్షలు చెయ్యాలో దాన్నిబట్టే తేలుతుంది."

పిచ్చుక కళ్ళు తెరిచింది. "ఇదే మొదటిసారి నాన్నా. నీ డబ్బాలోదే."

అబద్ధం. డబ్బాలన్నీ వర్క్‌షాపు బీరువాలో ఉంటాయి, దాని తాళంచెవి మేస్త్రీ జేబు దాటదు. పద్దెనిమిది నిండనివాళ్ళకు థిన్నర్ అమ్మడం నేరమని ప్రతి రంగుల కొట్టులోనూ బోర్డు వేలాడుతుంది. పిచ్చుక అడిగితే కాదనని కొట్టు ఒక్కటే ఉంది. అది ఆమె మేనమామది.

మేస్త్రీ వెళ్ళేసరికి బావమరిది మెషీన్‌లో రంగు కలుపుతున్నాడు.

"రా బావా. అక్క ఫోన్ చేసింది. పిల్లకెలా ఉంది?"

"థిన్నర్ నువ్విచ్చావా?"

"నువ్వేగా అన్నావ్, పిల్లను పంపిస్తా, అడిగింది ఇచ్చెయ్ అని?"

నిజమే. రెండేళ్ళ కిందట చేతిలో పని వదల్లేక ఒక్కసారి పంపాడు.

"ఒక్కసారి పంపాన్రా! తర్వాత మళ్ళీ మళ్ళీ వస్తుంటే, నీకింత దేనికి బావా అని ఒక్క ముక్క అడిగావా నన్ను?"

బావమరిది మెషీన్ ఆపాడు. "ఏడు నెలల కిందట, వేసవిలోనే అనుమానం వచ్చింది. నిలదీశాను. కాళ్ళావేళ్ళా పడింది బావా. నాన్నకు చెప్పకు మావయ్యా, మానేస్తానంది."

"మానేసిందా?"

"ఒక్కసారిగా ఇవ్వనంటే ఇంకేదైనా పాడు సరుకు పీలుస్తుందేమోనని... కొంచెం కొంచెంగా తగ్గించి మాన్పిద్దామనుకున్నా."

"నువ్వేమన్నా వైద్యుడివట్రా? ఏడు నెలలు! ప్రతి ఆదివారం మా ఇంట్లో దాని పక్కన కూర్చుని అన్నం తిన్నావు. పిల్ల చిక్కిపోయిందేంటని నేనంటే, పరీక్షల బెంగ బావా అన్నది నువ్వే కదూ?"

బావమరిది గొంతు తగ్గించి, "ఆస్పత్రికి పోలీసావిడ వచ్చిందట. డబ్బా నేనే కొన్నా, ఇంట్లో పెట్టుకున్నా అని చెప్పు బావా. నీకు చీవాట్లతో పోతుంది. నాకైతే జైలే. ఇంటి గుట్టు ఇంట్లోనే ఉండనీ," అన్నాడు.

"మీ ఇద్దరి గుట్టులో నేను బయటివాణ్ణేగా. ఇప్పుడు ఆ గుట్టు కాపాడ్డానికి నేను కావాల్సొచ్చానా?"

మేస్త్రీ ఆస్పత్రికి తిరిగొచ్చేసరికి పోలీసావిడ మంచం పక్కన కాగితాలతో కూర్చుని ఉంది. "పిల్ల మీద కేసేమీ ఉండదు. అమ్మినవాళ్ళ పేరు చెప్పండి చాలు," అంది.

పిచ్చుక తండ్రి చేయి గట్టిగా పట్టుకుంది. "మావయ్య పేరు చెప్పకు నాన్నా. నాకిచ్చిన మాట నిలబెట్టుకుంది మావయ్యొక్కడే."

మేస్త్రీకి ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. గుమ్మం దగ్గర నిలబడ్డ భార్య, "వాడు నా తమ్ముడండీ..." అంటూనే కూతురి ముక్కు దగ్గరి గొట్టం చూసి ఆగిపోయింది.

మేస్త్రీ ముందు మంచం అవతల నిలబడ్డ డాక్టరమ్మ వైపు తిరిగాడు. "ఏడు నెలల పైనేనమ్మా. పరీక్షలన్నీ చెయ్యండి."

ఆ తర్వాత పోలీసావిడ వైపు.

"ఆ కొట్టు నా బావమరిదిది. మొదటిసారి దాన్ని అక్కడికి పంపింది నేనే. అక్కణ్ణించే రాసుకోండి."

పిచ్చుక అతని చేయి వదిలేసి గోడ వైపు తిరిగింది. మేస్త్రీ చెప్పడం ఆపలేదు.